నిజంలా వినిపించాలా, హాయిగా వినిపించాలా? ఇంట్లో సౌండ్ సిస్టమ్‌ను మీ చెవికి తగ్గట్టు కుదుర్చుకోవడం ఎలా

కొత్త స్పీకర్లు కొన్న రెండు నెలలకు ఒక సంగతి గమనించాను. నా దగ్గరున్న పాటల్లో సగం వినడం మానేశాను. పాత రికార్డింగులు వేస్తే వెనక బుసబుస, వయొలిన్లు గీరుకుపోతున్నట్టు, గాయని గొంతులో ‘స’ వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టు. స్పీకర్ల తప్పేమీ లేదు. రికార్డింగులో ఉన్నదంతా దాచకుండా చెబుతున్నాయి. అలాంటివే కావాలని ఏడాది పాటు రివ్యూలు చదివి మరీ తెచ్చుకున్నాను. బాగా రికార్డు చేసిన నాలుగు ఆల్బమ్‌లు మాత్రం అద్భుతంగా వినిపించేవి. ఆ నాలుగే తిప్పి తిప్పి వేస్తున్నాను. తమాషా ఏంటంటే, వాటిలో రెండు నాకసలు ఇష్టమైన సంగీతమే కాదు.

సామాను బాగానే ఎంచుకున్నాను. నాకేం కావాలో మాత్రం తేల్చుకోలేదు. ‘ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉండాలి’ అనేది ఒక కోరిక. ‘పని మానేసి వినాలనిపించాలి’ అనేది ఇంకో కోరిక. రెండూ ఒక్కోసారి కలుస్తాయి, చాలాసార్లు కలవవు. మీ కోరిక ఏదో తెలుసుకుని, ఉన్న సామానునే దానికి తగ్గట్టు మార్చుకునే పద్ధతి కింద రాస్తున్నాను. కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ లేదు.

1. ఒక వారం మీ చేతిని గమనించండి

ఏ బటనూ మార్చకండి, స్పీకర్లు జరపకండి. పక్కన ఒక కాగితం పెట్టుకోండి. మామూలుగా ఎలా వింటారో అలాగే వింటూ, మూడు సందర్భాల్లో మాత్రం ఒక ముక్క రాయండి: చెయ్యి వాల్యూమ్ మీదకు వెళ్లినప్పుడు, పాట మధ్యలోనే మార్చేసినప్పుడు, చేస్తున్న పని ఆపేసి పాటలో పడిపోయినప్పుడు. ఏ పాట, ఎన్నో నిమిషం దగ్గర, ఏం జరిగింది. అంతే.

‘నాకు ఎలాంటి సౌండ్ ఇష్టం?’ అని ఎవరైనా అడిగితే మనం చదివిన మాటలు చెబుతాం. ‘క్లియర్‌గా, బ్యాలెన్స్‌డ్‌గా’ అంటాం. చెయ్యి మాత్రం అబద్ధం చెప్పదు. నా కాగితంలో ఆ వారం పదకొండు గీతలు పడ్డాయి. అందులో ఏడు, పాత పాటల్లో గొంతు పైస్థాయికి వెళ్లిన చోట వాల్యూమ్ తగ్గించినవి. అప్పటిదాకా ఆ పాటలు బోరు కొట్టాయేమో అనుకుంటున్నాను!

వారం అయ్యాక కాగితం చదవండి. గట్టిగా వచ్చే చోట తగ్గించి, మెల్లగా వచ్చే చోట పెంచుతూ ఉంటే, మీ గది చప్పుడుకు ఆ రికార్డింగులోని హెచ్చుతగ్గులు సరిపడటం లేదని అర్థం. మీరు ఆగిపోయినవన్నీ ఒక్క గొంతో, ఒకటి రెండు వాద్యాలో ఉన్న పాటలైతే, నిజంలా వినిపించడం మీకు నిజంగానే ముఖ్యం. పెద్ద ఆర్కెస్ట్రా వేసినప్పుడల్లా ‘ఏదో చిన్నగా ఉందే’ అనిపిస్తుంటే సమస్య స్పష్టత కాదు, పరిమాణం. ఇక వినే సమయంలో ఎక్కువ భాగం ఇంట్లో తిరుగుతూ, పని చేసుకుంటూ గడుస్తుంటే, సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య ఒక్క కుర్చీలోనే దొరికే నిజం కోసం తాపత్రయపడటం వృథా.

2. ‘అసలు’ అంటే ఏ అసలో తేల్చుకోండి

ఈ మెట్టు దాటకుండా చాలామంది ముందుకు వెళ్లిపోతారు. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

‘అసలుకు దగ్గరగా’ అనడంలో కనీసం మూడు అసళ్లున్నాయి. ఒకటి, కచేరీలో వినిపించిన శబ్దం. రెండు, రికార్డింగులో నమోదైన శబ్దం. మూడు, మిక్సింగ్ (విడివిడిగా రికార్డైన శబ్దాలను పాళ్లు కుదిర్చి కలపడం) చేసినవాళ్లు స్టూడియోలో తమ స్పీకర్ల మీద విన్న శబ్దం. ఇవి ఒకటి కావు.

కచేరీ సంగతే చూడండి. మంచి సంగీత మందిరంలో ఒక స్వరం ఆగాక దాని అనురణనం దాదాపు రెండు సెకన్లు మిగులుతుంది. మన ఇంటి హాల్లో అది అర సెకను అటూ ఇటూ. పైగా వయొలిన్ వాయించేవారికి అది ఎడమ చెవి పక్కనే గరుగ్గా వినిపిస్తుంది, మొదటి వరుసలో వాళ్లకు ఒకలా, చివరి వరుసలో వాళ్లకు మెత్తగా ఇంకోలా. వీటిలో ఏది నిజం? ఎన్నో రికార్డింగుల్లో పియానో మంద్ర స్వరాలు ఎడమ స్పీకర్ నుంచి, తారస్థాయి స్వరాలు కుడి స్పీకర్ నుంచి వస్తాయి. అంటే మీరు పియానో ముందు కూర్చుని వాయిస్తున్నట్టు. వాద్యమేమో గది వెడల్పంతా పరుచుకుని ఉంటుంది. కచేరీకి వెళ్లినవాళ్లెవరూ పియానోను అలా వినరు. అయినా బాగుంటుంది, మనం ఒప్పుకుంటాం.

సినిమా పాటలు, పాప్ సంగీతం అయితే అసలు అనేదే ఉండకపోవచ్చు. గాయకుడు ఒకరోజు, గాయని ఇంకో ఊళ్లో, తీగ వాద్యాలు మరో వారం, డ్రమ్స్ కంప్యూటర్లో. వాళ్లంతా ఒక గదిలో కలిసి వాయించిన క్షణమే లేదు. పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు పూర్తిగా మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడు. ఒకే కృతిని పలుమార్లు వాయించి, వాటిలోంచి ముక్కలు ఎంచి అతికించడం ఆయనకు తప్పుగా తోచలేదు. అదే అసలు పని అనుకున్నాడు. అలాంటి రికార్డింగు ‘కచేరీలో ఉన్నట్టు’ లేదని బాధపడితే, గీసిన బొమ్మ ఫొటోలా లేదని బాధపడ్డట్టే.

‘పోనీ, స్టూడియోలో విన్నదే నాకు కావాలి’ అంటారా? ఆ స్పీకర్లేవో, ఆ గది ఎలా ఉందో రికార్డు మీద రాసి ఉండదు. స్పీకర్ల మీద దశాబ్దాల పాటు పరిశోధించిన ఫ్లాయిడ్ టూల్ దీన్ని గందరగోళపు చక్రం అన్నాడు: స్పీకర్లు బాగున్నాయో లేదో రికార్డింగుతో తేలుస్తాం, ఆ రికార్డింగు బాగుందో లేదో ఇంకేవో స్పీకర్లతో తేల్చి ఉంటారు. 1978లో ఇళ్ల కోసం వచ్చిన యమహా ఎన్ఎస్-10 అనే చిన్న స్పీకర్ తర్వాత ప్రపంచమంతా స్టూడియోల్లో చేరింది. దాని సౌండ్ బాగుంటుందని ఎవరూ అనరు. బాస్ (లోతైన స్వరాలు) తక్కువ, మధ్యస్థాయి ముందుకు తోసుకొస్తుంది. ‘దీని మీద బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది’ అని దాన్ని పెట్టుకున్నారు.

ఇప్పుడు మీ కాగితం వెనక్కి తిప్పి, మీరు ఎక్కువగా వినే ఇరవై పాటలు రాయండి. ఒక్కోదాని పక్కన ‘నిజంగా జరిగింది’ లేదా ‘స్టూడియోలో కట్టింది’ అని రాయండి. శాస్త్రీయ సంగీతం, చిన్న జాజ్ బృందం, గొంతు-గిటార్ లాంటివి చాలావరకు మొదటి రకం. రెండో రకం పదిహేనుకు పైగా ఉంటే ఇక నిజం గురించి టెన్షన్ పడటం మానేయండి. మీకు కావాల్సింది హాయి. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి.

3. తెలిసిన గొంతుతో ఒక పరీక్ష

నిజాన్ని పట్టుకోవడానికి మన చేతిలో ఉన్న ఒకే ఒక గట్టి ఆధారం, రోజూ వినే మనిషి గొంతు. వీణో వయొలినో దగ్గర నుంచి విని ఎన్నాళ్లయిందో గుర్తుండదు. ఇంట్లో మనిషి గొంతు మాత్రం జలుబు చేసినా ఫోన్లో ‘హలో’తోనే పట్టేస్తాం.

ఇంట్లో ఎవరినైనా పేపర్ చదవమని, ఒక నిమిషం రికార్డు చేయండి. వాళ్ల నోటికి అర మీటరు దూరంలో, మెత్తటి దుప్పట్లు, పరుపులు ఉన్న గదిలో చేయండి. రికార్డరు ఉంటే మంచిది, ఫోనైనా ఫర్వాలేదు. శబ్దాన్ని సొంతంగా సరిదిద్దే ఆప్షన్లుంటే ఆపేయండి. తర్వాత ఆ మనిషిని రెండు స్పీకర్ల మధ్య నిలబెట్టి ఒక వాక్యం చదివించి, వెంటనే రికార్డింగు అదే గట్టితనంలో వినండి.

నేను అమ్మతో చదివించాను. రెండుసార్లు విన్నాక అర్థమైంది, నా స్పీకర్లలో ఆవిడ గొంతు కిందిభాగం కాస్త ఉబ్బింది, డబ్బాలోంచి మాట్లాడినట్టు. అది తప్ప అచ్చం ఆవిడే. సంబరపడి ఆవిడకే వినిపించాను.

‘‘ఎవర్రా ఇది? నా గొంతు ఇలా ఉండదు.’’

‘‘అచ్చం నీ గొంతే అమ్మా.’’

‘‘నా గొంతు నాకు తెలీదా?’’ అని లేచి వెళ్లిపోయింది.

ఆవిడకు తెలిసిన గొంతు వేరు మరి. మన మాట మనకు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా చేరుతుంది, అందుకే మన గొంతు మనకు నిండుగా తోస్తుంది. రికార్డింగులో ఆ ఎముక భాగం ఉండదు. నిజం ఎవరి చెవిలోంచి అన్న ప్రశ్న మా ఇంట్లో ఆ రోజు అలా తేలింది. సరే, పరీక్ష మాత్రం పనికొచ్చింది. ఆ రికార్డింగు దాచుకోండి, ముందు ముందు వాడతాం.

ఒక హెచ్చరిక. ‘రికార్డు ఏదో, మనిషి ఏదో పోల్చుకోలేకపోయారు’ అన్న మాటలకు మురిసిపోకండి. 1915 నుంచి పదేళ్ల పాటు ఎడిసన్ కంపెనీ ఇలాంటి ప్రదర్శనలే పెట్టింది. గాయని తన రికార్డుతో కలిసి పాడుతుంది, మధ్యలో ఆపేస్తుంది, ఆపినట్టు జనానికి తెలియదు. ఇప్పుడా రికార్డులు వింటే ఎలా నమ్మారో అనిపిస్తుంది. అలా పాడిన గాయనుల్లో ఒకరైన అన్నా కేస్ చాలా ఏళ్ల తర్వాత గుట్టు విప్పింది: మెషీన్ ఎలా పలుకుతుందో తన గొంతును అలా మార్చుకుని పాడిందట!

4. గదితో మొదలుపెట్టండి, ఏ దారైనా

నిజం కావాలన్నా హాయి కావాలన్నా ఈ పని తప్పదు. దీనికి గంట పడుతుంది, ఖర్చు లేదు.

మీరు కూర్చునే చోటు, రెండు స్పీకర్లు సమాన భుజాల త్రిభుజంలా ఉండాలి. ట్వీటర్లు (స్పీకర్లో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగాలు) చెవి ఎత్తుకు రావాలి. స్పీకర్ గోడకు దగ్గరైతే బాస్ పెరుగుతుంది, మూలకు నెడితే ఇంకా పెరుగుతుంది. దీన్ని ఉచిత బాస్ బటన్ అనుకోండి. అమ్మ గొంతు ఉబ్బింది కదా, స్పీకర్లను గోడ నుంచి ఇంకో జానెడు ముందుకు లాగితే సగం తగ్గింది.

తర్వాత మీ కుర్చీ. 4 మీటర్ల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ (సెకనుకు 43 కంపనాలు, అంటే బాగా లోతైన స్వరం) దగ్గర శబ్దం రెండు గోడల మధ్య నిలబడిపోతుంది. ఆ స్వరం గోడల దగ్గర గుయ్యిమంటుంది, సరిగ్గా గది మధ్యలో దాదాపు మాయమవుతుంది. సరిగ్గా మధ్యలోనో వెనక గోడకు ఆనుకునో కూర్చుంటే ఎంత గొప్ప స్పీకరైనా బాస్ విషయంలో అబద్ధమే చెబుతుంది. కుర్చీని ముందుకూ వెనక్కూ అరడుగు చొప్పున జరుపుతూ, బాస్ గిటార్ ఉన్న ఒకే పాట వినండి. స్వరాలన్నీ ఇంచుమించు ఒకే గట్టితనంతో వినిపించే చోట ఆగండి. సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే స్పీకర్) ఉంటే తిరగేసి చేయండి: దాన్ని మీ కుర్చీలో పెట్టి, మీరు గోడల వెంట వంగి నడుస్తూ వినండి. బాస్ ఎక్కడ బాగుంటే అక్కడ సబ్‌వూఫర్ పెట్టాలి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

నేల నున్నగా, గోడలు ఖాళీగా ఉంటే ఒక తివాచీ, మందపాటి కర్టెన్లు. ఇక చాలు.

5. ముందు సాదా, తర్వాత రుచి

ఇప్పుడు బాస్, ట్రెబుల్ (పైస్థాయి స్వరాలు), ఈక్వలైజర్ (ఒక్కో స్థాయి స్వరాలను విడిగా పెంచే, తగ్గించే సదుపాయం) అన్నీ సున్నాకు తీసుకురండి. హాయే మీ లక్ష్యమైనా సరే, మొదలు సాదాగా ఉండాలి.

స్పీకర్ ఏదో కనబడకుండా తెర చాటున పెట్టి వినిపించిన పరీక్షల్లో, ఎక్కువమంది ఎంచుకున్నవి స్వరాలన్నిటినీ హెచ్చుతగ్గులు లేకుండా, చుట్టుపక్కలకు కూడా ఒకేలా పంపే స్పీకర్లే. టూల్, ఆయన తర్వాత షాన్ ఆలివ్ చేసిన పనిలో మళ్లీ మళ్లీ కనిపించింది ఇదే. అంటే తిన్నగా పలికే స్పీకరు నిజానికే కాదు, హాయికీ మంచి పునాది. అయితే బాస్, ట్రెబుల్ ఎంత ఉండాలన్న దగ్గర మాత్రం మనుషులు విడిపోయారు. హెడ్‌ఫోన్ల మీద చేసిన పరిశోధనల్లో ఎక్కువమందికి బాస్ కాస్త పైకి ఉన్నది నచ్చింది, కొందరికి ఇంకా ఎక్కువ కావాలి, కొందరికి తక్కువ. మీరు తేల్చుకోవాల్సింది ఆ చివరి మెట్టే.

ఈ సాదా స్థితిలో తెలిసిన గొంతు రికార్డింగు మళ్లీ వేయండి. బాగా తేడా ఉంటే ముందు నాలుగో పనికి వెనక్కి వెళ్లండి. అయినా ఒక చోట ఉబ్బు మిగిలితే ఈక్వలైజర్లో ఆ ఒక్కచోటే తగ్గించండి. గుంటల జోలికి పోకండి. గది మింగేస్తున్న స్వరాన్ని పెంచితే యాంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) అలిసిపోతుంది తప్ప గుంట నిండదు.

6. మీరు వినే వాల్యూమ్ ఏదో ఒప్పుకోండి

నిజం గురించి మాట్లాడేవాళ్లు దీని ఊసెత్తరు. ఎదురుగా వాయించే డ్రమ్స్ దెబ్బ 100 డెసిబెల్స్ (గట్టితనానికి కొలత) దాటుతుంది. ఒక వాట్‌తో 85 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ 105 ఇవ్వాలంటే 100 వాట్లు కావాలి. ప్రతి 10 డెసిబెల్స్‌కూ పవర్ పది రెట్లు పెరగాలి, చెవికి మాత్రం అది రెండింతలే అనిపిస్తుంది. పక్కింటివాళ్ల సంగతి అలా ఉంచండి, చెవుల సంగతేంటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ శబ్దం 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. అసలు డ్రమ్స్ గట్టితనంతో రోజూ వినడం కుదిరే పని కాదు.

కాబట్టి మనం వినేది తగ్గించిన సంగీతం. తగ్గించగానే ఇంకో సంగతి జరుగుతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించినట్టు, శబ్దం తగ్గేకొద్దీ చెవి బాస్‌ను ఇంకా ఎక్కువగా తగ్గించుకుంటుంది. 80 డెసిబెల్స్ దగ్గర మిక్స్ చేసిన పాటను రాత్రి అందరూ పడుకున్నాక మెల్లగా వేస్తే, 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 10 డెసిబెల్స్ పోగొట్టుకున్నట్టే అనిపిస్తుంది. అప్పుడు ఆ లోటు పూడ్చే లౌడ్‌నెస్ బటన్ నొక్కడం, బాస్ పెంచడం మోసం కాదు. నిజానికి మెల్లగా వినేటప్పుడు దాన్ని నొక్కకపోవడమే అసలుకు దూరం. ఆ బటన్‌ను చిన్నచూపు చూసి నేను చాలా ఏళ్లు పలచటి సంగీతం విన్నాను.

ఫోన్లో డెసిబెల్ కొలిచే యాప్ ఒకటి వేసుకుని, పగలు ఎంత, రాత్రి ఎంత వింటున్నారో చూసి రాసుకోండి. ఆ అంకె కచ్చితంగా ఉండదు, పోల్చుకోవడానికి చాలు.

7. రుచి కలపండి, కానీ పందెం న్యాయంగా ఉండాలి

ఇప్పుడు మొదటి వారం కాగితం బయటికి తీయండి. ప్రతి ఫిర్యాదుకూ ఒక మార్పు, ఒక్కసారి ఒక్కటే. పాత రికార్డింగుల్లో గొంతు గుచ్చుకుంటుంటే 3,000 హెర్ట్జ్ నుంచి 8,000 దాకా వెతికి, గుచ్చే చోట 2 డెసిబెల్స్ తగ్గించండి. మొత్తం పలచగా అనిపిస్తే 100 హెర్ట్జ్ కింద 3 పెంచి చూడండి. స్పీకర్లు నేరుగా మీ మొహంలోకి చూస్తుంటే కాస్త పక్కకు తిప్పండి, పదును తగ్గుతుంది.

పోల్చేటప్పుడు ఒక్క నియమం: రెండు సెట్టింగులూ ఒకే గట్టితనంతో ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది చెవికి గట్టిగా ఉన్నట్టు తెలియదు, బాగున్నట్టు తెలుస్తుంది. బాస్ పెంచితే మొత్తం సౌండ్ పెరుగుతుంది, అది చూసి మురిసిపోతాం. అందుకని యాప్‌తో సరిచూసి వాల్యూమ్ ఆ మేరకు తగ్గించండి. వీలైతే ఇంకొకరి చేత మార్పించండి, మీరు అటు తిరిగి కూర్చోండి. మా బావ నాకు ఈ సేవ చేశాడు. ఖరీదైన కొత్త కేబుల్‌ను నేను పది సార్లలో ఐదు సార్లు గుర్తుపట్టాను. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. అదే ఈక్వలైజర్లో చేసిన 2 డెసిబెల్స్ మార్పును పదికి పది పట్టేశాను.

గెలిచిన సెట్టింగును మూడు రోజులు అలాగే వదిలేయండి. మొదటి రోజు వావ్ అనిపించిన బాస్ మూడో రోజుకు తలనొప్పి కావచ్చు. మూడు రోజుల తర్వాత సాదా స్థితికి మార్చి ఒక పాట వినండి. ‘అయ్యో, ఏదో పోయింది’ అనిపిస్తే మీ మార్పు నిలిచింది. ‘హమ్మయ్య’ అనిపిస్తే తీసేయండి.

8. రెండు సెట్టింగులు దాచుకోండి

యాంప్‌లోనో ఫోన్ యాప్‌లోనో ప్రీసెట్లు (ముందే కుదిర్చిపెట్టుకున్న సెట్టింగులు) దాచే వీలుంటే రెండు చాలు. నా దాంట్లో ఒకటి దాదాపు సాదా, గదిలోని ఉబ్బు మాత్రమే సరిదిద్దింది. దాని పేరు ‘అమ్మ’. గొంతు, వీణ, చిన్న కచేరీలు వింటే అది. రెండోదాని పేరు ‘పాట’. బాస్ 4 పైకి, పైన గుచ్చే చోట 2 కిందకి. పాత సినిమా పాటలు, రాత్రి వినేవి, పని చేసుకుంటూ వినేవి అన్నీ దాని మీదే. రోజులో ముప్పావు వంతు అదే నడుస్తుంది. ప్రీసెట్లు లేని పాత యాంప్ అయితే నాబ్ పక్కన పెన్సిల్‌తో రెండు గీతలు గీసుకోండి.

సోఫా మార్చినా, కర్టెన్లు ఉతకడానికి తీసినా, ఇల్లు మారినా గది మారినట్టే. అప్పుడు మళ్లీ ఆ ఒక్క నిమిషం పేపర్ చదివిన రికార్డింగు వేసి వినండి. మా ఇంట్లో అది వేసినప్పుడల్లా అమ్మ పక్క గదిలోంచి అరుస్తుంది, ‘‘ఆపరా, అది నా గొంతు కాదు’’ అని. పోలికకు రెండో గొంతు కూడా అప్పుడే దొరుకుతుంది.